'నరాల డాక్టరు' వెనక ఎవరున్నారు?

మా ఊళ్లో బస్టాండు వెనక సందులో ఒక బోర్డు ఉంది. 'నరములు, మానసిక వ్యాధుల నిపుణులు' అని రాసి ఉంటుంది. 'నరములు' అన్నది ఎర్ర రంగులో, సందు మొదట్లో నిలబడ్డా కనిపించేంత పెద్దగా ఉంటుంది. 'మానసిక' దాని కింద సగం సైజులో. లోపల కూర్చునే డాక్టరు చదివింది ఎండీ సైకియాట్రీ. నరాలకు వేరే చదువుంది, దాన్ని న్యూరాలజీ అంటారు. ఆ సంగతి ఆయనకు తెలీక కాదు, ఊరి సంగతి తెలుసు కాబట్టే బోర్డు అలా రాయించాడు.

మా చిన్నాన్న ఆ మెట్లెక్కింది ఆ పెద్దక్షరాల పుణ్యమే. అంతకుముందు రెండేళ్లుగా ఆయనకు నిద్ర లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, గుండె దడ, అన్నం సయించదు, ఎవరితోనూ మాటల్లేవు. ఆర్‌ఎంపీ బలానికని ఇంజెక్షన్లు పొడిచాడు. గుండె డాక్టరు ఈసీజీ, టూడీ ఎకో తీయించి "అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. పిన్ని దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. ఒకసారి నేను "సైకియాట్రిస్టుకు చూపిద్దాం చిన్నాన్నా" అంటే, "నాకేమన్నా పిచ్చెక్కిందనుకున్నావా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అదే మనిషి గురించి "నరాల డాక్టరు" అన్నాను. "సరే పద" అన్నాడు.

ఆ డాక్టరు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. డిప్రెషన్ అన్నాడు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒకటి రాశాడు. పొద్దుటిది పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది, మధ్యలో ఆపొద్దన్నాడు. రాత్రిది పదిహేను రోజులకే రాసి, కింద అడ్డగీత గీసి "ఇది మాత్రం మెడికల్ షాపులో అడిగి మళ్లీ కొనుక్కోవద్దు" అని రెండుసార్లు చెప్పాడు. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ చిన్నాన్న అడిగాడు: "రక్తం తీయలేదు, స్కానింగు లేదు. జబ్బని ఎట్లా తేల్చాడురా?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే అర్థమైంది ఏంటంటే, ఆ గదిలో ఆ డాక్టరు చేసిన ప్రతి పనికీ వెనక ఎక్కడో ఒక సంఘమో, ఒక కమిటీయో, ఒక చట్టమో ఉంది. దేన్ని జబ్బు అనాలి, ఏ మందు ఎన్నాళ్లు ఇవ్వాలి, రోగిని ఆసుపత్రిలో ఎవరి సంతకంతో ఉంచాలి, ఇవన్నీ గది బయట తేలిన విషయాలు. అక్కడ మనం లేము. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ అనే మన మానసిక డాక్టర్ల సంఘం మాత్రం ఉంది.

ముందు ఎవరు ఎవరో

ఇది తొందరగా చెప్పేసుకుందాం. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ అయ్యాక మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందు రాయగలడు, ఆసుపత్రిలో చేర్చుకోగలడు. క్లినికల్ సైకాలజిస్టు ఎంబీబీఎస్ డాక్టరు కాదు. పరీక్షలు పెట్టి అంచనా వేయడం, మాటలతో చేసే థెరపీ ఆయన పని. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. మందులు రాయకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 106వ సెక్షన్ ఎవరి చదువు పరిధిలో వాళ్లు ఉండాలని చెబుతుంది. ఇక 'కౌన్సెలర్' అన్న మాటకు మన దగ్గర పెద్దగా కాపలా లేదు. వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు, నిజంగా బాగా చేసేవాళ్లూ ఉన్నారు. అడిగి తెలుసుకోవాల్సింది మనమే.

జబ్బుకు పేరు పెట్టేదెవరు?

చిన్నాన్న ప్రశ్నకు నేరుగా జవాబు: లక్షణాల లెక్కతో. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి, నీరసం, తనమీద తనకే అసహ్యం, చావు ఆలోచనలు, ఇలాంటి వాటిలో కొన్ని కలిసి కనీసం రెండు వారాలుండి, రోజువారీ పని చెడగొడుతుంటే డిప్రెషన్. ఈ లెక్క రెండు పుస్తకాల్లో ఉంటుంది. ఒకటి ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చే ఐసీడీ. దాని 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. రెండోది అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తెచ్చే డీఎస్‌ఎం. మొదటిది ప్రభుత్వాలు కలిసి నడిపే సంస్థది. రెండోది మాత్రం అచ్చంగా ఒక డాక్టర్ల సంఘం ప్రచురణ. ఒక దేశపు సంఘం వేసిన పుస్తకం ప్రపంచమంతటా మనుషులకు జబ్బుల పేర్లు పెట్టే స్థాయికి వెళ్లింది.

ఇందులో ఉన్న బలమూ, చిక్కూ రెండూ ఒకే సంఘటనలో కనిపిస్తాయి. 1973 దాకా ఆ పుస్తకంలో స్వలింగ సంపర్కం ఒక మానసిక రుగ్మత. ఉద్యమకారులు సంఘం సమావేశాల్లోకి దూసుకెళ్లారు. 1972లో జాన్ ఫ్రయర్ అనే సైకియాట్రిస్టు ముఖానికి మాస్కు, గొంతు మార్చే మైకు పెట్టుకుని, పేరు చెప్పకుండా, వేదికెక్కి తాను కూడా స్వలింగ సంపర్కుణ్ణేనని తోటి డాక్టర్ల ముందు చెప్పాడు. 1973 డిసెంబర్‌లో సంఘం పాలకవర్గం దాన్ని జాబితాలోంచి తీసేసింది. ఒప్పుకోనివాళ్లు సభ్యులందరితో ఓటింగు పెట్టించారు. 1974లో 58 శాతం మంది తీసేయడమే సరైందన్నారు.

ఇక్కడే చాలామంది నవ్వుతారు. ఓట్లేసి జబ్బు కాదని తేలుస్తారా, ఇదేం సైన్సు అని. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ బీపీ సంగతి చూడండి. 2017లో అమెరికా గుండె వైద్యుల సంఘాలు బీపీ గీతను 140/90 నుంచి 130/80కి దించాయి. ఆ రోజు అక్కడ సుమారు 3 కోట్ల మంది రాత్రికి రాత్రి బీపీ పేషెంట్లయ్యారు. వాళ్ల రక్తనాళాల్లో ఆ రాత్రి ఏమీ మారలేదు. గీత ఎక్కడ గీయాలన్నది ఎప్పుడూ మనుషులు కూర్చుని తేల్చేదే. తేడా ఏంటంటే, బీపీ గీత జరిగితే ఒక మాత్ర పెరుగుతుంది. మనసు గీత జరిగితే మనిషి పరువు, పెళ్లి, ఉద్యోగం, ఒక్కోసారి స్వేచ్ఛ కూడా జరుగుతాయి.

కాబట్టి గీత గీసేవాళ్ల జేబుల సంగతి కూడా చూడాలి. 2006లో వచ్చిన ఒక అధ్యయనం డీఎస్‌ఎం నాలుగో కూర్పు ప్యానెళ్లలో పనిచేసిన 170 మందిని లెక్కేస్తే, 95 మందికి, అంటే 56 శాతానికి, మందుల కంపెనీలతో ఏదో ఒక డబ్బు సంబంధం ఉందని తేలింది. డబ్బు తీసుకున్న ప్రతివాడూ అమ్ముడుపోయాడని కాదు. కానీ పంచాయితీ చెప్పేవాడు ఎవరింట్లో భోంచేసి వచ్చాడో తెలుసుకునే హక్కు ఊరికి ఉంటుంది.

సంఘం పూర్తిగా రాజ్యం చేతిలోకి వెళ్తే ఏమవుతుందో సోవియట్ యూనియన్ చూపించింది. ప్రభుత్వాన్ని విమర్శించినవాళ్లకు 'మందకొడి స్కిజోఫ్రీనియా' అనే పేరు (స్కిజోఫ్రీనియా అంటే లేనివి వినిపించే, భ్రమలు పట్టే జబ్బు) తగిలించి ఆసుపత్రుల్లో బంధించారు. బయటికి ఏ లక్షణమూ కనిపించకపోయినా జబ్బు లోపల మెల్లగా సాగుతోందని చెప్పుకోవడానికి వీలైన పేరది. ఎంత సౌకర్యమో చూడండి. ప్రపంచ సైకియాట్రిక్ అసోసియేషన్ 1977లో దీన్ని ఖండించింది. వెలేస్తారని తెలిసి 1983లో సోవియట్ సంఘం తనంతట తానే బయటికి వెళ్లిపోయింది. తప్పు ఒప్పుకున్నాక 1989లో మళ్లీ చేర్చుకున్నారు. డాక్టర్ల తప్పును డాక్టర్ల సంఘమే పట్టుకున్న సందర్భాలు చరిత్రలో తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఇంకొక చిన్న ముచ్చట. 1964 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఒక పత్రిక సైకియాట్రిస్టులకు ఉత్తరాలు రాసి, అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ మానసికంగా ఆ పదవికి తగునా అని అడిగింది. 1,189 మంది తగడని రాసిచ్చారు. వాళ్లెవరూ ఆయన్ను పరీక్షించలేదు. ఆయన ఎన్నిక ఓడిపోయాడు, పరువు నష్టం దావా మాత్రం గెలిచాడు. స్వయంగా చూడని మనిషి గురించి బహిరంగంగా రోగనిర్ధారణ చేయకూడదని 1973లో అమెరికా సంఘం నియమం పెట్టుకుంది. మన టీవీ చర్చల్లో ఏదైనా నేరం జరిగిన గంటకే నిందితుడి మనసు విప్పి చూపించే ప్యానెళ్లు చూసినప్పుడల్లా నాకు ఈ నియమం గుర్తొస్తుంది.

మన ఐపీఎస్ వేరు

ఐపీఎస్ అంటే మనకు టోపీ, లాఠీ గుర్తొస్తాయి. మానసిక వైద్యులకు మాత్రం ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ. స్వాతంత్ర్యం రావడానికి ఏడు నెలల ముందు, 1947 జనవరి 7న, ఢిల్లీలో సైన్స్ కాంగ్రెస్ జరుగుతున్నప్పుడు మొదలైంది. ఆ రోజుల్లో దేశ జనాభా 40 కోట్లు. మానసిక ఆసుపత్రుల్లో పడకలు పదివేల చిల్లర. విశాఖలో వాల్తేరు ఆసుపత్రి అప్పటికే పాతది, 1871 నాటిది. జనం నోట్లో ఇవి ఆసుపత్రులు కావు, తిట్లు. కోస్తాలో "చినవాల్తేరు పంపాలి" అంటారు, తెలంగాణలో, హైదరాబాద్ మానసిక ఆసుపత్రి పేరుమీద, "ఎర్రగడ్డ కేసు" అంటారు. ఒక ఊరి పేరునే తిట్టు చేసేశాం.

పుట్టిన మూడేళ్లకు, 1950లో, ఈ సంఘం ఒక మానసిక ఆరోగ్య బిల్లు ముసాయిదా తయారుచేసి ప్రభుత్వానికి ఇచ్చింది. అప్పటికి అమల్లో ఉన్నది 1912 నాటి లూనసీ చట్టం. దాని దృష్టిలో రోగి అంటే కాపలా పెట్టాల్సిన మనిషి. సంఘం ఇచ్చిన ముసాయిదా తిరిగి తిరిగి చట్టమైంది ఎప్పుడు? 1987లో. అమల్లోకి వచ్చింది ఎప్పుడు? 1993లో. ముసాయిదా ఇచ్చిన ఏడాది పుట్టిన పిల్లవాడికి అప్పటికి నలభై మూడేళ్లు.

పెద్దాసుపత్రులు కట్టుకుంటూ పోతే లాభం లేదని, ఊరి పీహెచ్‌సీలోనే మామూలు డాక్టరు మానసిక జబ్బులు చూడగలగాలని 1980ల్లో నిమ్‌హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ) వాళ్లు బళ్లారి జిల్లాలో చేసి చూపించారు. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలతో మొదలైంది. ఆ నాలుగింట్లో మన మెదక్ ఒకటి. ఈ సంగతి మెదక్ వాళ్లకే చాలామందికి తెలీదు.

అయినా 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఏం జరిగిందో తెలుసు. దర్గా చుట్టూ వెలిసిన ప్రైవేటు షెడ్లలో ఒకదానికి తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపలి మానసిక రోగులు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది కాలిపోయారు. వాళ్లను అక్కడ దింపి వెళ్లింది వాళ్ల ఇంటివాళ్లే. దుర్మార్గంతో కాదు, వేరే దారి తెలీక. మా పిన్ని కట్టించిన తాయెత్తుకూ ఆ గొలుసుకూ చాలా దూరముంది. దారి మాత్రం ఒకటే.

చట్టం దగ్గర తగువు

2007లో భారత్ ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. దానికి తగ్గట్టు వచ్చిందే 2017 చట్టం. 2018 నుంచి అమల్లో ఉంది. సంఘం అసలు స్వభావం ఈ చట్టం దగ్గరే బయటపడుతుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

చట్టం చెప్పేది ఏంటి? మానసిక జబ్బు ఉన్న మనిషికీ తన వైద్యం గురించి నిర్ణయించుకునే శక్తి ఉందనే మొదట అనుకోవాలి. ఒంట్లో బాగున్నప్పుడే "రేపు నాకు మళ్లీ ఇలా అయితే ఈ వైద్యం చేయండి, ఇది చేయొద్దు" అని ముందస్తుగా రాసి పెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే మనిషిని తనే ఎంచుకోవచ్చు. అది భర్తో, అన్నో కానక్కర్లేదు. ఇష్టం లేకుండా చేర్చితే 30 రోజుల గడువుంటుంది, దానిమీద రివ్యూ బోర్డుకు వెళ్లొచ్చు. ఆ బోర్డులో జడ్జి ఉంటారు, కలెక్టరు తరఫు మనిషి, ఒక సైకియాట్రిస్టు, ఇంకో డాక్టరు, రోగుల తరఫున ఇద్దరు ఉంటారు. గొలుసుతో కట్టేయడం ఏ రూపంలోనైనా నిషేధం.

సంఘం దీనిమీద గట్టిగానే పోరాడింది. మూడు అభ్యంతరాలు ఎక్కువగా వినిపించాయి. మామూలు ఆసుపత్రుల్లో ఉండే మానసిక వార్డులను కూడా ప్రత్యేక సంస్థల్లా రిజిస్టర్ చేయిస్తే, తలనొప్పెందుకని వార్డులే ఎత్తేస్తారు. ముందస్తు పత్రాలు మన దగ్గర నడవవు. మన దేశంలో రోగిని చూసుకునేది కుటుంబం, చట్టం కుటుంబాన్ని పక్కకు నెట్టింది.

మొదటి అభ్యంతరం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. జనం ఎర్రగడ్డకు పోవడానికి సిగ్గుపడతారు, జిల్లా ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు గది పక్కన ఉన్న మానసిక ఓపీకి పెద్దగా సిగ్గుపడరు. ఆ పక్క గదిని కాపాడుకోవాలి. మూడోదాని దగ్గర మాత్రం నేను సంఘంతో పూర్తిగా ఏకీభవించలేను. కుటుంబమే మందు వేళకు ఇస్తుంది, నిజమే. ఆస్తి తగాదాలో అన్నకు పిచ్చని ముద్ర వేయించేదీ, నచ్చని పెళ్లి చేసుకుంటానన్న ఆడపిల్లను ఆసుపత్రిలో పడేసేదీ కూడా ఒక్కోసారి ఆ కుటుంబమే. చట్టం రాసేవాళ్లు రెండో రకాన్ని కూడా ఊహించాలి కదా.

షాక్ ట్రీట్‌మెంటు మీద తగువు ఇంకా ఆసక్తికరం. సినిమాల్లో చూపించినట్టు కేకలు, గింజుకోవడం, ఇది చూసి మనకు భయం పట్టుకుంది. సరైన పద్ధతిలో మత్తుమందు, కండరాలు సడలించే మందు ఇచ్చి చేస్తారు. రోగి నిద్రలో ఉంటాడు. కొన్నాళ్లు జ్ఞాపకశక్తి తడబడొచ్చు. అన్నం నీళ్లు మానేసి చావు కోరుకునే తీవ్రమైన డిప్రెషన్‌లో అది ప్రాణం నిలబెడుతుంది. చిక్కు ఎక్కడంటే, మన దేశంలో చాలాచోట్ల మత్తు డాక్టరు లేక, మత్తు లేకుండానే ఇచ్చేవాళ్లు. 2012లో సంఘం నడిపే ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలోనే కొందరు సీనియర్లు, వేరే దారి లేని అరుదైన సందర్భాల్లో అలా ఇవ్వడానికి వీలుండాలని వాదిస్తూ ఒక పత్రం రాశారు. చట్టం ఒప్పుకోలేదు, 95వ సెక్షన్‌లో పూర్తిగా నిషేధించింది. మత్తు డాక్టరు లేని ఊళ్లో రోగిని ఏం చేయాలన్నది నిజమైన ప్రశ్నే. కానీ అదే ఊళ్లో మత్తు లేకుండా అపెండిక్స్ కోసేయమని ఏ సర్జన్ల సంఘమూ అడగదు. మానసిక రోగి విషయంలో అడగాలనిపించిందంటే, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో సంఘమే ఆలోచించుకోవాలి.

ఈ సంఘం ఒకేసారి రెండు పనులు చేస్తుంది. శాస్త్రానికి కాపలా కాస్తుంది, సభ్యుల బాగోగులూ చూసుకుంటుంది. ఇంటికి పెద్దా అదే, తగువులో కక్షిదారూ అదే. ఏ ప్రకటన ఏ హోదాలో ఇస్తోందో మనం కనిపెట్టుకుంటూ ఉండాలి.

పెద్దరికం నిలబెట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆత్మహత్యాయత్నం నేరం కాదు, వైద్యం అందాల్సిన స్థితి అని సంఘం చాలాకాలం వాదించింది. పోలీసు కేసు భయానికే పురుగుల మందు తాగినవాణ్ణి "పొరపాటున తాగాడు" అని చెప్పి చేర్పించిన ఇళ్లు మనకెన్ని తెలుసు! 2017 చట్టం 115వ సెక్షన్, అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, శిక్షించకూడదు అంది. 2024 జూలైలో వచ్చిన కొత్త న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరం చేసిన పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని బెదిరించడానికి ఆత్మహత్యకు ప్రయత్నిస్తే మాత్రం 226 కింద ఇప్పటికీ నేరమే. అలాగే 2018 జూలైలో, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టులో విచారణ సాగుతుండగా, అది మానసిక జబ్బు కాదని ఈ సంఘం బహిరంగంగా ప్రకటించింది. సెప్టెంబర్ 6న అది నేరం కాదని తీర్పు వచ్చింది. అమెరికా సంఘం అన్న 45 ఏళ్లకు అన్నారనేది వేరే సంగతి.

సంఘం చేతిలో లేనిది

చాలామంది పొరబడే చోటు ఇది. సైకియాట్రిక్ సొసైటీకి ఏ డాక్టరు లైసెన్సునూ రద్దు చేసే అధికారం లేదు. సభ్యత్వం తీసేయగలదు, అంతే. లైసెన్సు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ చేతిలో, దానిపైన నేషనల్ మెడికల్ కమిషన్ చేతిలో ఉంటుంది. స్వలింగ సంపర్కులను 'మార్చే' వైద్యం తప్పని సంఘం ఎంత చెప్పినా కొందరు చేస్తూనే పోయారు. మద్రాస్ హైకోర్టు 2021లో కల్పించుకున్నాక, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. అప్పుడు గానీ ఆ మాటకు బలం రాలేదు.

కాబట్టి డాక్టరు ప్రవర్తన మీద ఫిర్యాదుంటే మెడికల్ కౌన్సిల్. ఆసుపత్రిలో కట్టేయడం, కొట్టడం, బయటికి పంపకపోవడం, ఇవైతే ముందు ఆ ఆసుపత్రి ఇన్‌ఛార్జి, అక్కడ తేలకపోతే రివ్యూ బోర్డు, ఆపైన రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ. డబ్బు, సేవాలోపం అయితే వినియోగదారుల కమిషన్. ఇన్సూరెన్సు వాళ్లు మానసిక జబ్బుకు క్లెయిము ఇవ్వమంటే, మిగతా జబ్బులతో సమానంగా ఇవ్వాలని అదే చట్టం 21వ సెక్షన్‌లో ఉంది, ఆ కాగితం ముందు పెట్టండి.

సంఘం నిజంగా బలం చూపించేది వేరే చోట: వైద్య మార్గదర్శకాల్లో. ఏ జబ్బుకు ఏ మందు ముందు, మనసు ఎగుడుదిగుళ్లకు ఇచ్చే లిథియం వాడేవాళ్లకు రక్తపరీక్ష ఎంత తరచుగా, ఫోన్లో చూసిన రోగికి ఏ మందులు రాయొచ్చు లాంటివి. ఫోన్ వైద్యం మీద 2020లో నిమ్‌హాన్స్‌తో కలిసి విడిగా ఒక పుస్తకమే వేశారు. దీనికోసమే ఏటా మహాసభలు, జర్నళ్లు, రాష్ట్ర శాఖలు. మనవాళ్లు కూడా ఇందులో వెనకబడి లేరు. హైదరాబాద్ నుంచి జి. ప్రసాదరావు, విశాఖ నుంచి ఎన్.ఎన్. రాజు జాతీయ అధ్యక్షులుగా పనిచేశారు. ఈ మహాసభలకు మందుల కంపెనీల స్టాళ్లు, స్పాన్సర్లు మామూలే. డాక్టర్లకు కంపెనీలు బహుమతులు, విమాన టికెట్లు, హోటల్ గదులు ఇవ్వకూడదని 2024 మార్చిలో కేంద్రం నియమావళి తెచ్చింది. గట్టిగా అమలైతే మంచిదే.

మా చిన్నాన్న రాత్రి మాత్ర కింద గీసిన అడ్డగీత ఆ మార్గదర్శకాల గీతే. అది నిద్రకు, ఆందోళనకు ఇచ్చే రకం. వారాలు దాటితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. పొద్దుటి మాత్ర ఆ రకం కాదు, కానీ ఉన్నట్టుండి ఆపితే ఇబ్బంది పెడుతుంది. "మానసిక మందులన్నీ అలవాటు చేస్తాయి" అనే మాట ఈ రెంటినీ ఒకే గాట కట్టడం వల్ల పుట్టింది. ఆ అలవాటు ఎంత భయంకరమో తెలంగాణకు వేరే చెప్పక్కర్లేదు. కల్తీ కల్లులో కలిపేవి ఆల్ప్రజోలం, డయాజిపామ్ లాంటి ఈ రాత్రి మాత్రల జాతి మందులే. కల్లు ఆగితే చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసిన వారానికే ఎర్రగడ్డ ఓపీ ముందు జనం బారులు తీరారు. ఆ రోజుల్లో అక్కడి డాక్టర్లు చేసిన పని మీద రావాల్సినంత రాతలు రాలేదు.

వైద్యమే తక్కువ, చేసేవాళ్లు ఇంకా తక్కువ

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వాళ్లలో అత్యధికులకు, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా, వైద్యం అందడం లేదు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. సైకియాట్రిస్టులు లక్ష మందికి 0.75 అని సాధారణంగా చెప్పే లెక్క. ముగ్గురైనా ఉండాలంటారు.

ఇంతమందిని రేపటికి తయారుచేయలేం. అందుకే సంఘం ఎప్పట్నుంచో అడుగుతున్న ఒక కోరిక నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది: ఎంబీబీఎస్‌లో సైకియాట్రీని విడి సబ్జెక్టు చేసి, పరీక్ష పెట్టి, పాసైతేనే డాక్టరును చేయాలని. ఇప్పుడు మెడికల్ విద్యార్థి ఆ వార్డులో గడిపేది వారాల లెక్క. పరీక్షలో రానిది ఎవరు చదువుతారు? మా చిన్నాన్నకు ఈసీజీ తీసిన గుండె డాక్టరు మంచివాడే. "టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడంటే అక్కడేదో ఉందని ఆయనకూ అనిపించింది. ఆ తర్వాతి ప్రశ్న అడగడం ఆయనకెవరూ నేర్పలేదు. అడిగి ఉంటే మాకు ఏడాది కలిసొచ్చేది.

ఇప్పుడు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబర్ 10న మొదలైంది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, పేరు చెప్పమని పట్టుబట్టరు. ఇంటర్ ఫలితాల వారంలో పేపర్లన్నీ ఆ నంబరు వేస్తాయి. మిగతా యాభై ఒక్క వారాలూ అది పనిచేస్తూనే ఉంటుంది.

చిన్నాన్నకు రాత్రి మాత్ర పదిహేను రోజులకే ఆగిపోయింది. పొద్దుటిది ఏడాదిన్నర వాడాక డాక్టరే మెల్లగా తగ్గించి ఆపాడు. మొన్న వాళ్ల వీధిలో ఒకాయన అరుగు మీద కూర్చుని, మూడు నెలలుగా నిద్ర పట్టడం లేదని చెప్పుకుంటుంటే, చిన్నాన్న లోపలికెళ్లి పాత చీటీ వెతికి తెచ్చి ఇచ్చాడట. "నరాల డాక్టరే అన్నా, నెమ్మదిగా కూర్చోబెట్టి మాట్లాడతాడు" అన్నాడట.